మేడమ్‌కి ఏ ప్రాబ్లమూ లేదు

పొద్దున్నే స్నానం ముగించి, తడిజుట్టు వీపు మీద వదులుగా వేసుకుని ఆమె బల్ల ముందు కూర్చుంది. ల్యాప్‌టాప్ తెరిచి కుడిమూల ఉన్న బటన్ నొక్కింది. లోపల ఫ్యాను సన్నగా తిరగడం మొదలైంది. ఇక గొంతు రావాలి. "పాస్‌వర్డ్ టైప్ చేయండి" అని రోజూ పలికే ఆడగొంతు ఎంతసేపటికీ రాలేదు. ఫ్యాను మాత్రం తన పని తాను చేసుకుపోతోంది.

చిన్నప్పుడే జ్వరంలో ఆమెకు చూపు పోయింది. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆ ల్యాప్‌టాప్‌లో ఉంది. ఆ గొంతు చెబుతుంది, ఈమె వేళ్ళు పని చేస్తాయి. మౌసు జోలికి ఎప్పుడూ పోలేదు. డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని ఆస్పత్రికి రిపోర్టులు టైపు చేయడం ఆమె ఉద్యోగం. ఒక డాక్టరు ఆవలిస్తూ చెబుతాడు. ఇంకొకాయన ఏదో ఒకటి నములుతూ చెబుతాడు. పిల్లల డాక్టరమ్మ రికార్డింగుల్లో వెనక ఎప్పుడూ ఎవరో ఒక పసివాడు ఏడుస్తూనే ఉంటాడు. ఆ ఆవలింతలూ ఏడుపులూ అన్నీ వడగట్టి ఆమె చక్కటి వాక్యాలు తీస్తుంది. ఆస్పత్రిలో ఆమె పంపిన రిపోర్టును ఎవరూ మళ్ళీ దిద్దరు.

తరచుగా వాడే కీలను వేలు ఇట్టే గుర్తుపట్టాలని వాటి మీద గోళ్ళరంగుతో చుక్కలు పెట్టించుకుంది. ఆరిన చుక్క ఆవగింజలా వేలికి తగులుతుంది. ఇప్పుడు ఆ చుక్కల మీదుగా వేళ్ళు పోనిచ్చి ఒక్కో కీ నొక్కి చూసింది. దేనికీ ఉలుకూ పలుకూ లేదు.

"అత్తయ్యా, ఒక్కసారి ఇలా వస్తారా? దీని మీద ఏముందో చూసి చెప్పాలి."

అత్తగారు చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చారు. ఆవిడ బట్టల మిల్లులో సూపర్‌వైజరుగా చేసి రిటైరయిన మనిషి. మగ్గాల హోరులో అరిచి అరిచి గొంతు పెద్దదైపోయింది. ఇంట్లో మామూలుగా మాట్లాడినా పక్కింటివాళ్ళు ఏమైందని అడుగుతారు.

"ఏదో బూడిదరంగు పేజీ అమ్మాయ్. తారీఖుంది, టైముంది. ఎడమపక్కన వరసగా ఏవో పేర్లున్నాయి."

"పైన ఏం రాసుంది? అక్షరాలు చెప్పండి చాలు."

"ఎస్సు, ఈ, టీ, యూ, పీ."

సెటప్. రిపేరు చేసేవాళ్ళు చూసుకునే పేజీ అది. మామూలుగా లేవాల్సిన ల్యాప్‌టాప్ అందులోకి ఎందుకు పోయి కూర్చుందో ఆమెకు అంతుపట్టలేదు. పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టి ఆపేసింది. చార్జరు పీకేసి, కాసేపు ఊరుకుని మళ్ళీ వేసింది. మళ్ళీ అదే పేజీ. బీరువాలోంచి పాత కీబోర్డు ఒకటి తీయించి, దాని వైరు పక్కన గుచ్చింది. అది పని చేసింది. 'బయటికి వెళ్ళాలా' అన్న ప్రశ్న వచ్చిందని అత్తగారు కూడబలుక్కుని చెప్పారు. వెళ్ళాలని నొక్కితే ల్యాప్‌టాప్ ఆరిపోయి, మళ్ళీ వెలిగి, మళ్ళీ సరిగ్గా అక్కడికే వచ్చింది.

"ఇదేం చోద్యమమ్మా! వీధి గుమ్మంలోంచి పంపిస్తే పెరటి గుమ్మంలోంచి లోపలికొస్తోంది!" అన్నారు అత్తగారు.

సాయంత్రానికల్లా పిల్లల డాక్టరమ్మ రిపోర్టులు పంపాలి. తన భర్తేమో బస్సు డ్రైవరు, స్టీరింగు పట్టుకుంటే ఫోన్ ఎత్తడు. చేసేదిలేక కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది. ముందు పాట వచ్చింది. తర్వాత ఒక రికార్డు గొంతు, సమస్యను త్వరగా పరిష్కరించుకోవాలంటే ల్యాప్‌టాప్ తెర మీద కనిపించే బొమ్మను ఫోన్‌తో స్కాన్ చేయమంది. మళ్ళీ పాట వచ్చింది. చివరికి ఒక మనిషి దొరికాడు.

"స్క్రీన్ మీద ఏం కనిపిస్తోంది మేడమ్?"

"నాకు కనబడదండీ."

"స్క్రీన్ బ్లాంక్‌గా ఉందా మేడమ్?"

"స్క్రీన్ బాగానే ఉంది. నాకే చూపు లేదు."

అతను గొంతు తగ్గించి, ఎవరో పోయిన ఇంట్లో మాట్లాడుతున్నట్టు అడిగాడు. "పక్కన నార్మల్‌గా ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా మేడమ్?"

ఫోన్ స్పీకర్‌లో ఉంది. అత్తగారు ఒక్క అంగలో దగ్గరికొచ్చారు.

"నేనున్నాను నాయనా. నాకు బీపీ ఉంది, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, రాత్రి తిన్నది పొద్దున గుర్తుండదు. మీ లెక్కకి సరిపోయేంత నార్మల్‌గా ఉన్నానా?"

ల్యాప్‌టాప్‌ను సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళమని చెప్పి అతను పెట్టేశాడు.

సర్వీస్ సెంటర్ పెద్ద వీధిలో మేడ మీద ఉంది. తలుపు తెరవగానే ఏసీ చలి ముఖానికి కొట్టింది. కుర్చీల నిండా జనం ఉన్నట్టు వాళ్ళ దగ్గులూ ఫోన్ల చప్పుళ్ళూ చెబుతున్నాయి. టోకెన్ ఇచ్చారు గాని నంబరు ఎవరూ పిలవడం లేదు. గోడమీద బోర్డులో వెలుగుతుందట, చూసుకోవాలట. అత్తగారు మెడ పైకెత్తి బోర్డునే చూస్తూ కూర్చున్నారు. "నేను రాకపోతే నువ్వు ఇక్కడే తెల్లారేదాకా కూర్చునేదానివి" అని గొణిగారు. చివరికి నంబరు వెలిగితే ఇద్దరూ కౌంటరు దగ్గరికి వెళ్ళారు.

కౌంటరులో ఉన్న అమ్మాయి అత్తగారి వైపు తిరిగి, "మేడమ్‌కి ఏంటండీ ప్రాబ్లమ్?" అంది.

"మేడమ్‌కి ఏ ప్రాబ్లమూ లేదు. ల్యాప్‌టాప్‌కే ఉంది" అన్నారు అత్తగారు.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కోడలు ముందుకి జరిగి, పొద్దుటి నుంచి జరిగినదంతా వరసగా చెప్పింది. సెటప్ పేజీ గురించి చెప్పింది, వేరే కీబోర్డు పెట్టి చూసిన సంగతీ చెప్పింది. ఆమె చెబుతున్నంతసేపూ అవతల కీబోర్డు టకటకా మోగింది. సంతోషించింది. పాస్‌వర్డ్ కావాలన్నారు. కీబోర్డు బాగుచేయడానికి పాస్‌వర్డ్ ఎందుకని అడిగితే ప్రొసీజర్ అన్నారు. ఇష్టం లేకపోయినా చెప్పింది. ఆఖరున ఒక మాట అంది.

"చూడండి, ఆన్ చేయగానే మాట్లాడే సాఫ్ట్‌వేర్ ఉంటుంది అందులో. దాన్ని దయచేసి ముట్టుకోవద్దు. నేను పని చేసేది దానితోనే."

"ఓకే మేడమ్."

ఈసారి టకటక వినబడలేదు. పొద్దస్తమానం టైపు చేసే మనిషికి ఆ నిశ్శబ్దం తెలియకుండా ఎలా పోతుంది?

"రాశారా అది?"

"గుర్తుంటుంది మేడమ్. నెక్స్ట్!"

ఆస్పత్రికి ఫోన్ చేసి, ఈరోజు రిపోర్టులు పంపలేనని చెప్పింది. అవతలివాళ్ళు "అయ్యో" అన్నారు, వాటిని వేరే టైపిస్టుకి ఇచ్చుకుంటామన్నారు. ఆ "అయ్యో" ఆమెను రోజంతా గుచ్చుతూనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం రెడీ అయిందని మెసేజ్ వస్తే ఇద్దరూ మళ్ళీ వెళ్ళారు. ఈసారి రిపేరు చేసిన మెకానిక్కే కౌంటరు దగ్గరికి వచ్చాడు. గొంతును బట్టి నడివయసు మనిషి. జలుబు చేసినట్టుంది, మాటకోసారి ముక్కు ఎగబీలుస్తున్నాడు. అతనూ మొదలుపెట్టడం అత్తగారితోనే మొదలుపెట్టాడు.

"అమ్మా, మీ ల్యాప్‌టాప్..."

"నాది కాదు, ఆమెది. ఆమెకు చెప్పండి."

"సరేనమ్మా. ఆమెకి చెప్పండి, ఎఫ్ టూ కీ వేలికి తెలియనంత కొంచెం కిందికి అంటుకుపోయింది. అది ఎప్పుడూ నొక్కినట్టే ఉండేసరికి ఆన్ చేసినప్పుడల్లా సెటప్‌లోకి పోతోంది. ఒక కీ అలా బిగుసుకుపోతే మిగతావి కూడా పని చేయవు."

"ఎందుకు అంటుకుందండీ?" అని కోడలే అడిగింది.

"నెయిల్ పాలిష్. ఎవరో కీ మీద చుక్క పెట్టబోయి ధారగా పోసేశారు. సందులోంచి కారి లోపల గడ్డకట్టింది."

కోడలు పక్కకి చెయ్యి చాచింది. అత్తగారి మోచెయ్యి బిర్రుగా బిగుసుకుపోయి ఉంది. ప్రతి ఫైలుకీ రోగి పేరు పెట్టాలంటే ఎఫ్ టూ నొక్కాలి. ఆ కీ మీద పాత చుక్క అరిగిపోయిందని మొన్న రాత్రే, పని అయ్యాక, అత్తగారిని అడిగి పెట్టించుకుంది. వణికే చేత్తో, కళ్ళజోడు వెతుక్కునే ఓపిక లేక, ఆవిడ అలాగే పెట్టేశారు. నిన్నటి నుంచీ హెల్ప్‌లైన్‌నీ కంపెనీనీ టోకెన్ బోర్డునీ దులిపేస్తున్న మనిషి నోరు మెదపలేదు.

"పోనీలెండి, బాగైంది కదా" అంది కోడలు, అత్తగారి చెయ్యి నొక్కుతూ.

"బాగవ్వడమేంటి, కొత్తదానిలా చేశాం!" మెకానిక్ హుషారుగా ముక్కు ఎగబీల్చాడు. "ఆ ఒక్క కీయే కాదు, చాలా కీల మీద మరకలున్నాయి. అన్నీ గీకేసి పాలిష్ పట్టాం. స్టార్టప్ కూడా స్లోగా ఉంది. ఆన్ చేయగానే ఏదో లొడలొడా వాగుతోంది, చెవులు చిల్లులు పడ్డాయి. దాన్ని పూర్తిగా తీసిపారేశాం. ఇప్పుడు క్షణంలో లేస్తుంది. ఇదంతా ఫ్రీ సర్వీసు."

ఆమె ముందు నమ్మలేదు. ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని కీల మీద వేళ్ళు ఆడించింది. నున్నగా, సబ్బుబిళ్ళలా జారాయి. ఒక్క చుక్క మిగల్లేదు. బటన్ నొక్కింది. ఫ్యాను తిరిగింది. మామూలుగా గొంతు వచ్చే చోటుకి నిశ్శబ్దం వచ్చింది, దాటిపోయింది కూడా.

"చూశారా, ఎంత ఫాస్టో!" అన్నాడు మెకానిక్.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"దాన్ని ముట్టుకోవద్దని చెప్పాను."

"నాకెవరూ చెప్పలేదండీ."

"నిన్న ఇదే కౌంటరులో చెప్పాను. రాశారా అని కూడా అడిగాను. గుర్తుంటుందన్నారు."

కౌంటరు అమ్మాయి నీళ్ళు నమిలింది. "రోజుకి ఎంతోమంది వస్తారు కదండీ..."

గొంతులు లేచేసరికి లోపల్నుంచి మేనేజరు వచ్చాడు. బూట్ల చప్పుడు దగ్గరికొచ్చి, ఆమెను దాటి, అత్తగారి ముందు ఆగింది. "అమ్మా, ముందు ఆవిణ్ణి కూర్చోబెట్టండి. మంచినీళ్ళు తాగించండి. ఇదేమంత పెద్ద విషయం కాదు."

"నేను నిలబడే ఉంటాను. మీరు ఇటు తిరగండి" అంది ఆమె. గొంతు పెంచలేదు. పెంచకపోయినా కుర్చీల వైపు దగ్గులు ఆగిపోయాయి. "మీరు నా ల్యాప్‌టాప్ గొంతు పీకేశారు. నాకు తెర అంటే అదే. ఇక్కడ కూర్చున్నవాళ్ళందరి ల్యాప్‌టాప్‌లకీ తెరలు ఊడబీకి, 'బరువు తగ్గించాం, ఫ్రీ సర్వీసు' అని ఇవ్వండి. ఎంతమంది మంచినీళ్ళు తాగి ఇంటికి పోతారో చూద్దాం."

"అది అనుకోకుండా జరిగిందండీ. అయినా అసలు తప్పు మీ దగ్గరే మొదలైంది కదా. కీబోర్డుకి ఎవరైనా నెయిల్ పాలిష్ వేస్తారా?"

"వేస్తాం. ఈసారి కారిపోయింది, అది మా పొరపాటే. ఆ కీ విడదీసినందుకు మీకు థ్యాంక్స్. మిగతాది ఎవరు చేయమన్నారు?"

మళ్ళీ టోకెన్ తీసుకుంటే రేపు చూస్తామన్నాడు మేనేజరు. ఆమె కుర్చీ ఒకటి చేత్తో తడిమి, కౌంటరు దగ్గరికి లాక్కుని కూర్చుంది. ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ అత్యవసరానికి ఒక మోటుగొంతు ముందే ఉంటుంది. మూడు కీలు కలిపి నొక్కితే లేస్తుంది. చుక్కలు లేని కీల మీద ఆ మూడూ వెతుక్కోవడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. ఆ గొంతు ఒక్కసారిగా గదంతా దద్దరిల్లేలా అరిచింది. తెర మీద కనబడిన ప్రతి ముక్కనూ రేకు డబ్బా మీద కొట్టినట్టు చదువుతూ పోయింది.

"సౌండ్ తగ్గించండి మేడమ్, కస్టమర్లున్నారు!" అన్నాడు మేనేజరు.

"నేనూ కస్టమర్నే."

కుర్చీల్లోంచి ఎవరో పెద్దాయన, "ఆమె పని ముందు చేసి పంపండయ్యా, మేం ఆగుతాం" అన్నాడు. ఇంకొకావిడ మాత్రం తనకు ఆలస్యమైపోతోందని విసుక్కుంది. మేనేజరు లోపలికి పోయి తలుపేసుకున్నాడు. మెకానిక్ అటూ ఇటూ చూసి, చివరికి ఒక స్టూలు తెచ్చుకుని ఆమె పక్కన కూర్చున్నాడు.

ఆమె చెబుతూ పోయింది, అతను చేస్తూ పోయాడు. సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించాడు. పాత ఆడగొంతు తిరిగొచ్చి "సిద్ధంగా ఉన్నాను" అంది. ఆమె ఊపిరి పీల్చుకుని, తన పాత రిపోర్టు ఒకటి తెరిచి చదివించింది. రెండో వాక్యంలో మందు పేరు వచ్చేసరికి ఆ గొంతు తడబడి, దాన్ని ముక్కలు ముక్కలుగా విరిచేసింది. తర్వాతిదీ అంతే. జబ్బుల పేర్లన్నీ గుర్తుపట్టలేనట్టు పలుకుతోంది.

"ఉచ్చారణ జాబితా ఏది?" అంది ఆమె.

"అదేంటండీ?"

మందుల పేర్లూ, జబ్బుల పేర్లూ, డాక్టర్లు వాడే పొట్టి మాటలూ ఎలా పలకాలో ఆ గొంతుకి ఆమె ఏళ్ళ తరబడి నేర్పుకుంటూ వచ్చింది. కొత్త మాట ఎదురైనప్పుడల్లా ఆగి, నేర్పి, ముందుకు పోయేది. ఒక్క అక్షరం తేడా వచ్చినా చెవికి తెలిసిపోయేది అందుకే. మెకానిక్ చాలాసేపు వెతికాడు. అతను ముక్కు ఎగబీల్చడం కూడా మానేశాడు.

"సాఫ్ట్‌వేర్‌తోపాటు పోయిందండీ. చెత్త ఏదీ మిగలకుండా క్లీనర్ పెట్టాను. బ్యాకప్... తీయలేదు."

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళ వెంట నీళ్ళు వస్తాయేమోనని భయపడింది, ఇక్కడ రాకూడదనుకుంది. వస్తే వీళ్ళు జాలిపడతారు. జాలి పడ్డాక ఇక తప్పు గురించి ఎవరూ మాట్లాడరు.

అప్పుడు అత్తగారు లేచారు. మిల్లు గొంతు బయటికొచ్చింది.

"అయ్యా, ఆ రంగు కారబోసింది నేను. ఈ ముసలి చేత్తో నేనే పోశాను. నా కోడలి పని చెడింది మొదట నా వల్లే. ఇంతమందిలో ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు మీరు చేసింది మీరు ఒప్పుకోండి."

మెకానిక్ స్టూలు మీంచి లేచిన చప్పుడైంది.

"సారీ అమ్మా."

"నాకెందుకయ్యా! నేనేం పోగొట్టుకున్నాను?"

అతను ఇటు తిరిగాడు. మొదటిసారి అతని గొంతు ఆమె ముఖానికి ఎదురుగా వినబడింది. "సారీ మేడమ్. అడగాల్సింది. అడగలేదు."

ఆమె తల ఊపింది. క్షమించానని అనలేదు. మేనేజరు గది తలుపు తెరుచుకోలేదు. అతను చెప్పాల్సిన సారీ ఇప్పటికీ బాకీయే. ఇంటికి పోతూ ఆటోలో అత్తగారు, "నా మీద కోపం లేదు కదూ అమ్మాయ్?" అన్నారు. "మీ మీద లేదత్తయ్యా. వాళ్ళ మీద మాత్రం దండిగా ఉంది" అంది. "ఉండనీ, తొందరపడి తగ్గించుకోకు" అన్నారావిడ.

తగ్గలేదు కూడా. కంపెనీ పెద్ద ఆఫీసుకి ఫిర్యాదు పంపితే, మీ అభిప్రాయం మాకెంతో విలువైనది అని మర్యాదగా జవాబొచ్చి ఊరుకుంది. ఆస్పత్రి పనిలో సగం వేరే టైపిస్టు దగ్గరే ఉండిపోయింది. మిగిలిన సగాన్ని ఆమె ఆగుతూ ఆగుతూ చేసుకొచ్చింది. ప్రతి మందు పేరు దగ్గరా ఆగి, ఆ గొంతుకి మొదటి నుంచి నేర్పుతూ, నేర్పిన ప్రతిసారీ మేనేజర్ని మనసులో నాలుగు తిట్టుకుంటూ.

కొన్ని వారాల తర్వాత, పని మధ్యలో ఉండగా ఫోన్ మోగింది. ఎత్తగానే ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఆమె వెంటనే గుర్తుపట్టింది.

"మేడమ్, నేను సర్వీస్ సెంటర్ నుంచి. రికార్డుల్లో మీ నంబరుంటే చేశాను. ఇక్కడికొకాయన వచ్చాడు, ల్యాప్‌టాప్‌కి చార్జింగ్ ఎక్కడం లేదని. అదీ మీదానిలాగే మాట్లాడుతోంది. మా మేనేజరు ఆ గోల తీసేయమంటున్నాడు. నేను చెయ్యి పెట్టలేదండీ. ఏం ఉంచాలి, ఏం తీయాలి, మీరైతే కరెక్టుగా చెబుతారని..."

"ఆయన అక్కడే ఉన్నాడా?"

"నా ఎదురుగానే కూర్చున్నాడు మేడమ్."

"ఆయనకి చెవులు వినబడతాయా?"

"వినబడతాయండీ."

"నోరుందా?"

"ఉందండీ..."

"మరి నాకెందుకు ఫోన్ చేశారు? ఆయన్ని అడగండి!"

ఫోన్ బల్ల మీద బోర్లించి, ఆగిన చోటు నుంచి ఆమె మళ్ళీ టైపు చేయసాగింది.